ఒక్క పూట సీనియారిటీ

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ ఇరిగేషన్ డివిజన్‌లో రత్నమాణిక్యం కంటే ఆఫీసు పని తెలిసినవాళ్లు లేరు. ఏ లాకు ఏ సంవత్సరం కట్టారో, ఏ లస్కరుకు ఇంక్రిమెంటు ఏ నెలలో పడుతుందో, ఏ ఫైలు ఏ బీరువాలో చెదలు పట్టి ఉందో ఆవిడ కళ్లు మూసుకుని చెబుతుంది. రావులపాలెం దాటి కాలవ గట్టు పట్టుకుని వెళ్తే వచ్చే ఆ పెంకుటాఫీసుకు ఎంతమంది ఇంజనీర్లు వచ్చారో, ఎంతమంది పోయారో లెక్క లేదు. వచ్చిన ప్రతివాళ్లూ మొదటి వారంలోనే నేర్చుకునే మాట ఒక్కటే, "మాణిక్యం గారిని అడగండి."

అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ముప్పై అయిదేళ్లుగా ఆవిడ చెబుతూనే ఉంది. నీకేం కావాలమ్మా అని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అటెండరుగా చేరింది. ప్రైవేటుగా ఇంటరు కట్టి, డిపార్టుమెంటు పరీక్షలు రాసి జూనియర్ అసిస్టెంటయింది. ఆ తర్వాత సీనియర్ అసిస్టెంటై ఎస్టాబ్లిష్‌మెంటు సీట్లో కూర్చుంది. అంటే ఎవరు ఏ రోజు చేరారు, ఎవరికి ఎప్పుడు ప్రమోషను, ఎవరు ఎవరికంటే ముందు అన్న లెక్కలన్నీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. ఇక మిగిలింది ఒక్క మెట్టు, సూపరింటెండెంటు కుర్చీ. వచ్చే ఏప్రిల్ నెలాఖరుకు అరవై రెండు నిండుతాయి, దండ వేసి ఇంటికి పంపేస్తారు.

సూపరింటెండెంటు గదిలో గోడకి ఒక చెక్క బోర్డుంది. ఆఫీసు పెట్టినప్పటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల పేర్లు తెల్ల పెయింటుతో వరసగా రాసి ఉంటాయి. ఇరవై రెండు పేర్లు. అటెండరుగా ఉన్న పద్నాలుగేళ్లూ రోజూ పొద్దున్నే ఆ బోర్డు తుడిచింది ఆవిడే. తుడిచి తుడిచి పేర్లన్నీ నోటికి వచ్చేశాయి. శాస్త్రులున్నారు, రాజులున్నారు, నాయుళ్లున్నారు, రావులున్నారు. ఒక్క ఆడపేరు లేదు. ఇరవై మూడో పేరు తనది కావాలని ఎప్పుడు అనుకోవడం మొదలెట్టిందో ఆవిడకే తెలియదు.

ఆ ఒక్కటీ తప్ప ఇంక దేని మీదా ఆశ లేని మనిషి. అలాగని ఏడుపుగొట్టు మనిషి కాదు సుమండీ. ఏడవదు, నవ్వదు, ఎవర్నీ కసురుకోదు. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, అలా మనసు ఎప్పుడో తిమ్మిరెక్కింది. కూతురికి స్కూల్లో ఫస్టు వచ్చిన రోజున "మంచిదమ్మా" అంది. వానకి ఇల్లు కారిన రోజున గిన్నె తెచ్చి కింద పెట్టి "సరేలే" అంది. రెండు మాటలకీ గొంతు ఒకటే.

ఇప్పుడు ఆ గణేష్‌బాబు సంగతి చెప్పాలి. అతనూ సీనియర్ అసిస్టెంటే. అకౌంట్స్ సీటు. ఇద్దరికీ ఒకే రోజున ఉద్యోగాలొచ్చాయి. ఆవిడ భర్త వెంకన్న లాకు తలుపులు ఎత్తి దించే లస్కరు, వరదల్లో తలుపు ఎత్తబోయి కాలు జారి పోయాడు. గణేష్‌బాబు నాన్న ఆ ఆఫీసులోనే క్లర్కు, కుర్చీలో కూర్చుని ఉండగానే గుండె ఆగింది. ఇంటికొకరికి ఉద్యోగం ఇవ్వాలి కాబట్టి ఒకే కాగితం మీద రెండు పేర్లు టైపు కొట్టి ఇద్దరినీ అటెండర్లుగా వేశారు. అక్కడి నుంచి ఏ ప్రమోషను వచ్చినా రెండు ఖాళీలు ఉండేవి, ఇద్దరికీ కలిపే వచ్చేది. జోడెద్దుల్లా నడిచారు.

కానీ జోడెద్దుల్లో కూడా ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. ఎప్పుడు లిస్టు వేసినా గణేష్‌బాబు పేరు పైన, ఆవిడ పేరు కింద. ఎందుకంటే సర్వీసు రిజిస్టర్లో చేరిన తేదీ పక్కన పూట కూడా రాస్తారు. పంతొమ్మిది వందల తొంభై, ఆగస్టు తొమ్మిది, గురువారం. అతనికి ఎఫ్.ఎన్., అంటే పొద్దుటి పూట. ఆవిడకి ఏ.ఎన్., మధ్యాహ్నం పూట. ఒక్క పూట తేడా.

ఒక్క పూటేగా అనుకుంటాం. కాలవ గట్టు మీద గవర్నమెంటు క్వార్టరు ఒకటి ఖాళీ అయితే సీనియరుకని గణేష్‌బాబుకిచ్చారు. ఆవిడ పసిపిల్లని చంకనేసుకుని పదకొండేళ్లు అద్దె కొట్టంలో ఉంది. హైదరాబాదులో ట్రైనింగుకి ఒక సీటొస్తే అతను వెళ్లాడు. ఆఫీసుకి మొదటి కంప్యూటరొస్తే అతని బల్ల మీద పెట్టారు. అతనికి అది ఆన్ చేయడం నేర్పింది మాత్రం ఆవిడే. ఫ్యాను కింద సీటు సైతం సీనియారిటీ ప్రకారమే. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు.

మొన్న మే నెలాఖరున సూపరింటెండెంటు రిటైరయ్యాడు. ఈసారి ఖాళీ ఒక్కటే. గణేష్‌బాబుకి ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసుంది. ఆవిడకున్నది పదకొండు నెలలు. అతను ఒక్కసారి కూర్చున్నాడంటే ఆవిడ కథ కంచికి వెళ్లినట్టే.

"నువ్వెళ్లి అడగవే అమ్మా" అంది కూతురు నాగదుర్గ. ఆ పిల్ల పక్క ఊరి సచివాలయంలో పని చేస్తుంది. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం, ఎవరికీ తలొంచే రకం కాదు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. పదకొండు నెలలు నువ్వు కూర్చుంటే తర్వాత ఏడేళ్లు ఆయనే కూర్చుంటాడు. ఏం పోతుంది?"

ఆవిడ అడిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కేరేజీ కడుక్కుంటూ అడిగింది. గణేష్‌బాబు మంచివాడే, అందులో అబద్ధం లేదు. ఆవిడని అక్కా అని తప్ప పిలవడు.

"అక్కా, నువ్వు అడిగితే ప్రాణమైనా ఇస్తాను. నీకు తెలీదా?" అన్నాడు. "కానీ మావాడి పెళ్లి పెట్టుకున్నామా. శుభలేఖ ప్రెస్సుకి వెళ్లిపోయింది. అందులో నా పేరు పక్కన సూపరింటెండెంట్ అని వేయించేశానక్కా."

"ఆర్డరు రాకుండానేనా?"

"వచ్చేదే కదక్కా. మా వియ్యంకుడు జంగారెడ్డిగూడెంలో పెద్ద పామాయిలు రైతు. వాళ్లకి అలా చెప్పుకున్నాం. ఇప్పుడు సీనియర్ అసిస్టెంటంటే మా పరువేం కావాలి, నువ్వే చెప్పు."

ప్రాణం ఇస్తాడట గానీ శుభలేఖ మార్చడట. ఆవిడ సరేలే అని కేరేజీ మూత పెట్టుకుంది.

నాగదుర్గ మాత్రం సరేలే అనలేదు. "అసలు నువ్వు మధ్యాహ్నం ఎందుకు చేరావు? పొద్దున్న తొమ్మిదిన్నరకే వెళ్లానని నాకు చెప్పావు కదా!" అని పట్టుకుంది. చిన్నప్పుడు ఒక్కసారి విన్న కథ ఆ పిల్ల మర్చిపోలేదు.

ఆ కథ ఇదీ. ఆ గురువారం రత్నమాణిక్యం అందరికంటే ముందే వెళ్లింది. హెడ్ క్లర్కు గోపాలకృష్ణమూర్తి గారి బల్ల ముందు కాగితాలు పట్టుకుని నిలబడింది. పదిన్నరకి గణేష్‌బాబు మేనమామతో వచ్చాడు. కాగితాల మూలలకి పసుపు, చేతిలో కొబ్బరికాయ. శ్రావణమాసం, పది నలభైకి ముహూర్తం. మొగుడు పోయిన మనిషి ముందు సంతకం పెడితే ఆ కుర్రాడికి శుభం కాదని హెడ్ క్లర్కు ఆవిణ్ణి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు. కుర్రాడు సంతకం పెట్టాడు, కొబ్బరికాయ కొట్టారు, కాఫీలు తాగారు. ఇంజనీరు గారు జీపెక్కి గట్టు చూడ్డానికి వెళ్లిపోయారు. ఆయన తిరిగొచ్చి ఆవిడ కాగితం మీద పొట్టి సంతకం పెట్టేసరికి రెండున్నర. అదీ మధ్యాహ్నం పూట.

ఆ తర్వాత కూడా అంతే. మొదట్లో సారు క్యాంపుకి బయల్దేరుతుంటే ఎవరో ఒకరు "మాణిక్యం, కాస్త లోపలుండమ్మా" అనేవారు. ఎదురు రాకూడదు కదా. కొన్నాళ్లకి చెప్పే పని లేకుండా పోయింది. జీపు చప్పుడు వినబడితే చాలు, తనే లేచి రికార్డు రూములోకి వెళ్లిపోయేది. చీకటి గది, పాత కాగితాల వాసన. ఊరికే నిలబడ్డం ఎందుకని పుస్తకం పట్టుకెళ్లేది. ఇంటరు పాఠాలు, పరీక్షల రూల్సు అన్నీ అక్కడే చదివింది. చూశారా, ఆవిడ చదువు కూడా శకునం పుణ్యమే.

పాతవాళ్లంతా పోయారు. ఇప్పుడు శకునాలు చూసేవాళ్లు ఆ ఆఫీసులో లేరు. ఇంజనీరుగా పూజిత అనే ముప్పై నాలుగేళ్ల అమ్మాయి వచ్చింది, తన బండి తనే నడుపుకుంటుంది. అయినా బండి స్టార్టయితే రత్నమాణిక్యం రికార్డు రూములోకి వెళ్తుంది. ఓసారి పూజిత ఆపి అడిగింది కూడా, "నేను బయల్దేరినప్పుడల్లా మీరు ఎక్కడికెళ్తారండీ?" అని. "పాత ఫైలు చూడాలండి" అంది ఆవిడ.

జూన్‌లో సీనియారిటీ లిస్టు వేశారు. పదిహేను రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. ప్రతి లిస్టునీ తయారు చేసేది ఆవిడే, అందరిచేతా సంతకాలు చేయించేది ఆవిడే, అభ్యంతరం లేదని అందరికంటే ముందు రాసేదీ ఆవిడే. ఈసారి నాగదుర్గ పక్కన కూర్చుని ఫోన్లో టైపు చేసి, ప్రింటు తీయించి, కలం చేతిలో పెట్టింది. సర్వీసులో మొదటిసారి రత్నమాణిక్యం అభ్యంతరం ఉందని సంతకం చేసింది. ఏదో ఇంకొకరి కాగితం మీద చేసినట్టుంది.

ఆఫీసు గుప్పుమంది. "ఇంకా పది నెలలకి ఈవిడకెందుకండీ ఈ గొడవ" అని ఒకరు, "పాపం గణేష్‌బాబు ఇంట్లో శుభకార్యం పెట్టుకుని" అని ఒకరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఆ కత్తిపీటలు వారం రోజులపాటు ఊరుకోలేదు.

పూజిత కాగితం చదివింది. చదివి ఆవిణ్ణి కూర్చోబెట్టింది.

"మాణిక్యం గారూ, రూలు ప్రకారం చెప్తాను. ఆ రోజు పొద్దున్నే మీరు కాగితాలతో వచ్చారని, ఆఫీసువాళ్లే మిమ్మల్ని ఆపారని తేలితే మీది కూడా పొద్దుటి పూట కింద మారుస్తాను. ఇద్దరూ ఒకే పూట చేరితే వయసులో పెద్దవాళ్లు సీనియరు. అంటే మీరే. కానీ ఆపారనడానికి రుజువు కావాలి. ఆ హెడ్ క్లర్కు గారు ఉన్నారా?"

ఉన్నాడు. రాజమండ్రి దానవాయిపేటలో కొడుకు దగ్గర, ఎనభై ఏడేళ్ల వయసులో. రెండో శనివారం రత్నమాణిక్యం రావులపాలెంలో బస్సెక్కింది. గోదావరి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి చిల్లర పైసలు విసురుతుంటే ఆవిడ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించింది. రాలేదు.

ఆయన కోడలు రమాదేవి కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లింది. గోపాలకృష్ణమూర్తి గారు ఎముకల గూడులా ఉన్నాడు గానీ బుర్ర మాత్రం చురుగ్గానే ఉంది.

"మాణిక్యం! నువ్వా అమ్మా! కుర్చీలో కూర్చో, కింద కాదు" అన్నాడు.

వచ్చిన పని చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"నేను నిన్ను ఆపానా?"

"ఆపారు కదండీ. వరండాలో కూర్చోమన్నారు."

"లేదమ్మా" అన్నాడాయన. "నాకు బాగా గుర్తు. నిన్నే ముందు పిలిచాను. రిజిస్టరు నీ ముందుకి తోశాను. నువ్వు కలం కూడా పట్టుకున్నావు. అప్పుడే ఆ కుర్రాడూ, వాళ్ల మేనమామా వచ్చారు. నువ్వు కిటికీలోంచి బయటికి చూశావు. గేటు అవతల రిక్షా పక్కన ఆ కుర్రాడి తల్లి నిలబడుంది. శ్యామలాంబ గారు. మొగుడు పోయి ఆర్నెల్లు కాలేదు. కన్నకొడుకు ఉద్యోగంలో చేరుతుంటే లోపలికి రాలేదావిడ. ఎదురు రాకూడదని అటు తిరిగి, కాలవ వైపు మొహం పెట్టి నిలబడింది. నువ్వు ఆవిణ్ణి చూశావు. చూసి కలం కింద పెట్టేశావు. 'ముందు వాళ్లని కానివ్వండి బాబూ, శుభమా అని చేరుతున్నారు' అన్నావు. నీ అంతట నువ్వే వెళ్లి వరండాలో కూర్చున్నావమ్మా."

రత్నమాణిక్యం కాదనబోయింది. కానీ ఆ మాట తనదే. ముందు వాళ్లని కానివ్వండి. ఆ రోజుల్లో ఎవరి గుమ్మం తొక్కినా ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. పేరంటం జరుగుతున్న ఇంటి ముందు, కొత్త బియ్యం కొలిచే చోట, పెళ్లి బస్సు దగ్గర. ఇంకొకళ్లు అనకముందే తను అనేస్తే పోతుందని నేర్చుకుంది. అన్నీ గుర్తొచ్చాయి. గేటు అవతల ఆ తెల్లచీర వీపు కూడా గుర్తొచ్చింది. ముప్పై అయిదేళ్లు ఆయన ఆపాడని ఎలా అనుకుందో అదే అర్థం కాలేదు. ఇప్పుడు ఎక్కడో నొప్పి పుట్టాలి కదా అని కాసేపు చూసింది. పుట్టలేదు. కాఫీ చల్లారిపోయింది.

"నేను ఆపలేదు నిజమే. అలాగని గొప్ప చెప్పుకోను" అన్నాడు ముసలాయన. "నువ్వు లేస్తుంటే కూర్చోవమ్మా అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. హమ్మయ్య, చెప్పే బాధ తప్పిందనుకున్నాను. రమా, ఓ తెల్లకాగితం తేమ్మా! నేనే ఆపానని రాసిస్తాను."

"అబద్ధం కదండీ."

"సగం అబద్ధం. ఎనభై ఏడేళ్లవాణ్ణి నన్నిప్పుడు ఏం చేస్తారు? ఉద్యోగం పీకుతారా?"

గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకే శ్రీమతి రత్నమాణిక్యం హాజరైనప్పటికీ, మూఢనమ్మకం కారణంగా తానే ఆమెను ఆపానని, అది తన తప్పని. కింద సంతకం, తేదీ. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. ఇంటికొచ్చాక నాగదుర్గ ఆ ఉత్తరం చదివి ఎగిరి గంతేసింది. "ఇంకేంటమ్మా, అయిపోయింది! పెయింటర్ని పిలవమను!" అంది. రత్నమాణిక్యం అన్నం వండడానికి లేచింది.

శుక్రవారం పూజిత ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది. ఉత్తరం గట్టిగా చదివింది. గణేష్‌బాబు మొహం పాలిపోయింది. శుభలేఖలు అప్పటికే సగం ఊరికి పంచేశాడు మరి.

"ఉత్తరం స్పష్టంగా ఉంది" అంది పూజిత. "ఆయన మిమ్మల్ని ఏమని ఆపారో మీ మాటల్లో ఒక్కసారి చెప్పండి మాణిక్యం గారూ. మీ వాంగ్మూలంగా రాసుకుంటాను."

చెప్పాల్సింది రెండు ముక్కలు. వరండాలో కూర్చోమన్నారండి. అంతే. ముప్పై అయిదేళ్లు నమ్మిన మాట, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే మాట. వెర్రితల్లీ, చెప్పేస్తే పోలేదూ! ఆవిడ నోరు తెరిచింది. కళ్ల ముందు హెడ్ క్లర్కు కనబడలేదు. గేటు అవతల అటు తిరిగి నిలబడ్డ మనిషి కనబడింది.

"ఎవరూ ఆపలేదండి" అంది. "నేనే లేచాను."

పూజిత కలం ఆగిపోయింది. "మరి ఈ ఉత్తరం?"

"ఆయన దయకొద్దీ రాశారండి. ఆయన నన్నే ముందు పిలిచారు. వీళ్లమ్మగారు గేటు బయట నిలబడ్డారండి. కొడుకు కోసం ఆవిడే రానప్పుడు, నేనెవర్నని లోపల కూర్చోవడం? అందుకని లేచాను."

"మా అమ్మా?" అన్నాడు గణేష్‌బాబు. "మా అమ్మ ఆ రోజు ఇంటి దగ్గరుంది కదక్కా."

"లేదు బాబూ. రిక్షా పక్కనుంది. నువ్వు చూడకూడదని అటు తిరిగింది."

శ్యామలాంబ పోయి మూడేళ్లయింది. గణేష్‌బాబు చేతిరుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఏడ్చాడు గానీ, ప్రమోషను వదులుకుంటానని మాత్రం అనలేదు. కన్నీళ్లు వేరు, సీనియారిటీ వేరు.

"మీరు చెప్పింది రాస్తే నేను చేయగలిగిందేమీ లేదండీ" అంది పూజిత. "ఎవరైనా ఆపితే దిద్దుతాను. ఎవరూ చెప్పకుండానే మనిషి లేచి వెళ్లిపోతే దానికి రూల్లో చోటు లేదు. కావాలంటే ఇంకోసారి ఆలోచించుకుని చెప్పండి. నేను ఇంకా ఏమీ రాయలేదు."

"రాసేయండి మేడమ్."

ఆ రాత్రి నాగదుర్గ అన్నం తినలేదు. "చేతికందిన దాన్ని కాలదన్నుకున్నావు. ఎవరి మెప్పు కోసమే?" అని అరిచింది, ఏడ్చింది, తలుపేసుకుంది. అడగాల్సిన మాటే. రత్నమాణిక్యం గిన్నెలు తోమి బోర్లించింది.

సోమవారం ఆర్డరు సిద్ధమైంది. ఎస్టాబ్లిష్‌మెంటు సీటు ఆవిడదే కాబట్టి టైపు చేసిందీ ఆవిడే. శ్రీ గణేష్‌బాబు, సీనియర్ అసిస్టెంట్, సూపరింటెండెంటుగా పదోన్నతి. రెండుసార్లు చదివి, ఒక కామా దిద్ది, సంతకానికి పట్టుకెళ్లింది. బయట అటెండరు అచ్చిబాబు అప్పటికే స్వీటు ప్యాకెట్లు విప్పుతున్నాడు.

పూజిత సంతకం పెట్టబోయి తలెత్తింది. "మీకు బాధగా లేదా మాణిక్యం గారూ?"

"ఏమోనండి. తెలియట్లేదు."

పూజిత సంతకం పెట్టింది. రత్నమాణిక్యం కాగితం తీసుకుంది, సిరా ఆరేదాకా ఊదింది, నంబరు వేయడానికి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కి తిరిగేసరికి ఆ ముఖంలో ఏదో కదిలింది. కింది పెదవి ఆవిడ మాట వినడం లేదు.

"మేడమ్, అలా లేచి వెళ్లేనాటికి నాకు ఇరవై ఆరేళ్లండి" అంది. "ఇరవై ఆరంటే చిన్నపిల్లే కదండీ."